మదాం ఒదిల్ మెడనొప్పి

రండి, ఇంకొంచెం ముందుకు జరగండి. ఆ స్తంభానికి ఆనుకుని కూర్చున్న తల్లీ, నువ్వూ రా. మీరు దూరంగా కూర్చుంటే నేను గొంతు పెంచాలి. గొంతు పెంచితే చెడిపోయే కథ ఇది. ఆ... అలాగ. ఇప్పుడు బాగుంది.

గురువు అనగానే మనకి జడలూ కమండలమూ గుర్తొస్తాయి. దేవుడి దయ ఎప్పుడూ ఒక్క వేషంలోనే రావాలని ఎక్కడుంది? ఈ కథలో గురువు ఒక ఫ్రెంచి ముసలమ్మ. ఆవిడ ఆశ్రమం ఒక గొయ్యి. నవ్వకండి, నిజంగా గొయ్యే. ఎలాంటి గొయ్యో చెబుతాను. ముందు శిష్యుడి బాధ వినండి.

ఫ్రాన్సు దేశంలో లియోన్ అని ఒక పట్నం ఉంది. పట్టుబట్టలకి పేరున్న ఊరు. నూరేళ్ల కిందట ఆ ఊరి నాటకశాలలో గాస్పార్ వెర్న్యే అని ఒక నటుడు ఉండేవాడు. పుట్టింది నేతగాళ్ల ఇంట్లో. పందొమ్మిదో ఏట మగ్గం దిగి స్టేజీ ఎక్కాడు. ఈ కథ నాటికి అతనికి యాభై ఒకటి.

ముప్పై రెండేళ్లలో అతను వెయ్యని వేషం లేదు. దొంగ, పాదిరీ, ప్రేమికుడు, ఆ తరవాత ప్రేమికుడి తండ్రి, ఒకసారి చెట్టు కూడా. జనం మాత్రం ఒక్క వేషాన్నే పట్టుకున్నారు. ముసలి రాజు.

ఆ నాటకంలో కథ చిన్నదే. ఒక రాజు తన ఒక్కగానొక్క కొడుకుని యుద్ధానికి పంపుతాడు. చివరి అంకంలో దూత వచ్చి మోకాళ్ల మీద కూలబడి, "ప్రభూ, గుర్రం ఒక్కటే తిరిగి వచ్చింది" అంటాడు. రాజు ఏమీ అనడు. సింహాసనం మెట్టు మీద నిలబడి ఉంటాడు. చాలాసేపు అలాగే ఉంటాడు. ఆ తరవాత మెల్లిగా అంటాడు.

"గుర్రానికి నీళ్లు పెట్టండి. చాలా దూరం వచ్చింది."

అంతే. తెర పడిపోతుంది.

ఆ మాట కోసం కాదు, ఆ మాటకి ముందున్న మౌనం కోసం జనం పారిస్ నుంచి రైలెక్కి వచ్చేవాళ్లు. ఆ మౌనంలో అంత పెద్ద హాల్లోనూ ఒక్క దగ్గు వినిపించేది కాదట. పత్రికల వాళ్లు దానికి 'వెర్న్యే మౌనం' అని పేరు కూడా పెట్టారు. స్టేజీ బాగా వెనకాల, ఎవరికీ అందనంత దూరాన నిలబడేవాడు గాస్పార్. ఒంటరి రాజు కదా, ఒంటరిగానే కనబడాలని.

అలా పదకొండేళ్లు ఆడింది ఆ నాటకం.

పదకొండేళ్లంటే మాటలా? వారానికి ఆరు ఆటలు. వేసవిలో రైళ్ల మీద ఊరూరా తిరగడం. తడి వాసన కొట్టే హోటలు గదులు. గడ్డం అంటించే జిగురుకి చెంపలు పొక్కిపోవడం. అతనికి అలసట వచ్చింది. పడుకుంటే పోయే అలసట కాదు. పొద్దున్న లేచి బూట్లు తొడుక్కోబోయి, ఒక బూటు చేతిలో పట్టుకుని, అరగంట మంచం మీద అలాగే కూర్చుండిపోయే అలసట.

ఒక శుక్రవారం పొద్దున్న అలా కూర్చుని లేచి, కంపెనీ యజమానికి ఉత్తరం రాశాడు. 'ఇక నేను ఆడలేను. రాజు వేషమే కాదు, ఏ వేషమూ.' మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు. యజమాని ఇంటికి వెళ్లే దారిలో కాళ్లు వాటంతటవే నేతగాళ్లుండే కొండ వైపు, గురువు ఇంటి వైపు తిరిగాయి. గురువుకి చెప్పకుండా ఎలా మానేస్తాడు?

ఇప్పుడు ఆ గొయ్యి సంగతి చెబుతాను.

ఆ రోజుల్లో అక్కడి నాటకశాలల్లో స్టేజీ ముందు అంచున, సరిగ్గా మధ్యలో, చిన్న గొయ్యి ఒకటి ఉండేది. జనం వైపు అడ్డంగా, బోర్లించిన చేటలాంటి కప్పు. అందులో ప్రాంప్టర్ కూర్చునేవాళ్లు. తల స్టేజీ నేల మట్టానికి వస్తుంది. నటుల కాళ్లు బాగా కనబడతాయి. ముఖాలు చూడాలంటే మెడ చాచాలి. ముందు పుస్తకం పెట్టుకుని, మన ఇళ్లల్లో పెద్దవాళ్లు పారాయణ చేసినట్టు మాటల కింద వేలు నడుపుతూ ఉండాలి. ఎవరైనా మాట మరిచిపోతే అందించాలి. జనానికి కనబడకూడదు, వినబడకూడదు. చప్పట్లలో వాటా లేదు.

మదాం ఒదిల్ ఆ గొయ్యిలో నలభై మూడేళ్లుగా కూర్చుంటోంది. మదాం అంటే అమ్మగారు అన్నట్టు. అంతకు ముందు ఆవిడా నటే. ఇరవై ఎనిమిదో ఏట గొంతుకి జబ్బు చేసి గొంతు పోయింది, గుసగుస మిగిలింది. మిగిలిన దానితోనే గొయ్యిలోకి దిగింది. గాస్పార్‌కి పద్యం చెప్పడం నేర్పింది ఆవిడే. మొదట్లో అతను ప్రేమ పద్యం చదివితే మగ్గం టకటకలాడినట్టు ఉండేదట. "నాయనా, అమ్మాయిని పిలుస్తున్నావా, అంగవస్త్రం నేస్తున్నావా?" అనేదట.

నాలుగు అంతస్తులు ఎక్కి వెళ్లేసరికి ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని మెడకి తవుడు మూటతో కాపడం పెట్టుకుంటోంది.

"మళ్లీ మెడేనా, అమ్మగారూ?"

"నా మెడ సంగతి ఉండనీ. నీ ముఖం ఏమిటి, పిండి ఆరెయ్యడం మరిచిపోయిన చొక్కాలా ఉంది?"

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. దాన్నే తిప్పుతూ కూర్చున్నాడు.

"నేను మానేస్తున్నాను, అమ్మగారూ."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"ఎవరైనా ఏమైనా అన్నారా?"

"అంటే బాగుండును. అందరూ మెచ్చుకుంటున్నారు." టోపీ తిప్పడం ఆపాడు. "ఒకప్పుడు ఆ మౌనంలో నిలబడితే మా నాన్న గుర్తొచ్చేవాడు. మగ్గం మీద ఆయన చేతులు గుర్తొచ్చేవి. ఇప్పుడు ఏమొస్తున్నాయో తెలుసా? అంకెలు. ఒకటి, రెండు, మూడు... ఇరవై దాకా లెక్కపెట్టి గుర్రానికి నీళ్లు పెట్టమంటున్నాను. ముందు వరసలో ఆడవాళ్లు రుమాళ్లు తీసి ఏడుస్తుంటారు. నేను పదమూడు దగ్గర ఉంటాను."

ఆవిడ నవ్వలేదు. తవుడు మూట రెండో వైపు తిప్పి పెట్టుకుంది.

"పైగా ఒక్కణ్నే," అన్నాడు గాస్పార్. "ఆ ఇరవై అంకెలూ ఒక్కణ్నే మొయ్యాలి. అక్కడ ఎవరూ ఉండరు. పదకొండేళ్లలో ఒక్కరోజు మీ దగ్గర ఒక్క మాట తీసుకున్నానా, చెప్పండి. మొత్తం నేనే ఎత్తుతున్నాను. చేతులు పడిపోయాయి, అమ్మగారూ."

"నిజమే," అంది ఆవిడ. "ఒక్క మాటా తీసుకోలేదు."

కింద వీధిలో ఎవరో బండి చక్రాన్ని తిట్టిపోస్తున్నారు.

"ఉత్తరం ఇచ్చేశావా?"

"ఇంకా లేదు. జేబులోనే ఉంది."

"ఆదివారం దాకా ఉండనీ. ఆదివారం మధ్యాహ్నం ఆటకి రాజు వేషం ఫెర్దినాన్ వేస్తాడు. యజమానితో నేను మాట్లాడతాను."

ఫెర్దినాన్ అంటే, పదకొండేళ్లుగా దూత వేషం వేస్తున్న ముసలాయన. అరవై ఏడేళ్లు.

"ఆయనకి దూత మాటలు ఐదే, అవే ఒక్కోరోజు ఆరవుతాయి! రాజు మాటలన్నీ ఎలా గుర్తుంటాయి?"

"అన్నీ వచ్చు. రోజూ వింటున్నాడుగా. మరిచిపోతే అందించడానికి నువ్వుంటావు. నా చోట కూర్చో. నా మెడ తిరగడం లేదు."

"నేనా? గొయ్యిలోనా?"

"ఏం, రాజుగారికి ఇరుకా?"

పాపం, అతని ముఖం ఎర్రబడింది. లేచి ఆవిడ చెయ్యి ముద్దు పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం రెండున్నరకి ఆట. గాస్పార్ మేకప్ గదిలోకి వెళ్లేసరికి ఫెర్దినాన్ రాజు వేషంలో కూర్చుని ఉన్నాడు.

"రా, గాస్పార్, రా. నీ బూట్లు చూశావా? రెండు పడవలు! అడుగేస్తే నేను కదులుతున్నాను, అవి కదలడం లేదు."

"ఉన్ని కుక్కుకోండి, పెద్దాయనా."

"కుక్కాను. కిరీటంలోనూ కుక్కాను. ఇంకా బుర్రలోనే ఖాళీ ఉంది. అక్కడ ఏం కుక్కాలో చెప్పు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ముందు ఆపింది ఫెర్దినాన్. గాస్పార్ చెయ్యి పట్టుకున్నాడు. ముసలాయన చెయ్యి చల్లగా ఉంది.

"ఒక్కటి అడుగుతాను. ఆ చివరి చోట... పదకొండేళ్లుగా ఆ మౌనం పక్కన మోకాళ్ల మీద ఉన్నవాణ్ని. అది ఎంత బరువో నాకు తెలుసు. అంతసేపు నిలబడడం నా వల్ల కాదు. నేను ఆగిపోతే వెంటనే అందించెయ్. జనం ముందు నన్ను నవ్వులపాలు చెయ్యకు."

"అందిస్తాను," అని మాట ఇచ్చాడు గాస్పార్.

స్టేజీ కింద నుంచి చిన్న తలుపులోంచి వంగి గొయ్యిలోకి వెళ్లాలి. మోకాళ్లు గుండెకి తగిలేటంత చోటు. దుమ్ము వాసన, దీపం వేడి. మదాం ఒదిల్ అతని వెనకే ఒక పీట వేసుకుని కూర్చుంది. పుస్తకం అతని ముందు పెట్టింది. ఆవిడ ఉపదేశమంతా రెండు మాటలు.

"వేలు మాట కింద. కళ్లు కాళ్ల మీద."

తెర తీసే ముందు వాళ్లకి ఒక ఆచారం. నేల మీద బరువైన కర్రతో మూడు దెబ్బలు కొడతారు. మన గుళ్లో తెర తొలగించే ముందు గంట కొట్టినట్టే. ముప్పై రెండేళ్లుగా ఆ మూడు దెబ్బలూ కాళ్ల కింద విన్నవాడు గాస్పార్. ఆ రోజు నెత్తి మీద విన్నాడు.

మొదటి అంకం బాగానే గడిచింది. రెండో అంకంలో రాజు కొడుకుని యుద్ధానికి సాగనంపాలి. ఫెర్దినాన్ మాట మధ్యలో ఆగి, కొడుకు మెడ దగ్గర గుండీ ఊడి ఉందని పెట్టబోయాడు. అది నాటకంలో లేదు. ముసలాయనకి ఆ క్షణంలో తోచింది. గాస్పార్‌కి అది తెలీదు. అతని వేలు మాట కింద ఆగింది, గుండె కూడా ఆగింది. "పో నాయనా!" అని మాట అందించేశాడు.

అందించాడా? అరిచినట్టే అయింది. ఎందుకంటే అతను గొప్ప నటుడు. అతను గుసగుసలాడితే బాల్కనీలో చివరి కుర్చీ దాకా వినబడుతుంది. అలా సాధన చేసిన గొంతు అది.

పైనుంచి ఎవడో కేకేశాడు. "రాజుగారూ, కింద ఎలుక ఏదో మనవి చేసుకుంటోంది!"

హాలంతా నవ్వింది. ఫెర్దినాన్ చెవులు ఎర్రబడ్డాయి. గుండీ వదిలేసి మిగతా మాటలు గబగబా అప్పగించేశాడు.

గాస్పార్ తల వంచుకున్నాడు. వెనక నుంచి మదాం ఒదిల్ అతని మణికట్టు మీద చెయ్యి వేసింది.

"నీ గుసగుస చివరి వరస దాకా పోతుంది, నాయనా. నేర్పింది నేనే. తప్పు నాదే." చెవి దగ్గరికి వంగి అంది. "ఇది ఒక్క మనిషికి చెప్పే మాట."

ఆ తరవాత అతను పుస్తకం తక్కువ చూశాడు, కాళ్లు ఎక్కువ చూశాడు. చూస్తుంటే చాలా కనబడ్డాయి. రాణి వేషం వేసే ఆవిడ కొడుకు కోసం విలపించేటప్పుడు మెల్లిగా ఒక బూటులోంచి మడమ బయటికి తీసి, నొప్పి తగ్గాక మళ్లీ లోపల పెట్టుకుంటోంది. పదకొండేళ్లు ఆవిడ పక్కన నిలబడ్డాడు. ఆవిడ కాలు నొప్పి సంగతి ఎరగడు. మంత్రి వేషం వేసే లావుపాటి మనిషి కోపంతో ఊగిపోయే చోట బొటనవేళ్ల మీద నిలబడుతున్నాడు, కాస్త పొడుగ్గా కనబడాలని.

ఎవరైనా స్టేజీ వెనక్కి వెళితే మెడ చాచాలి. ఇంకా వెనక్కి వెళితే ఇంకా చాచాలి. నాలుగో అంకం పూర్తయ్యేసరికి గాస్పార్ మెడలో నిప్పు పెట్టినట్టు ఉంది.

ఐదో అంకం. పేజీలు తిరిగాయి. చివరి పేజీ వచ్చింది.

ఆ పేజీ చూసి అతను వేలు ఆపేశాడు.

అన్ని పేజీల్లోనూ మాటల కింద వేలు నడిచిన జాడ ఉంది, సన్నటి మసక గీతలా. ఈ పేజీలో 'గుర్రానికి' అన్న మాట కింద మాత్రం కాగితం నల్లబడి, నున్నబడి, అరిగి, చివరికి చిల్లు పడింది. కందిబద్ద అంత చిల్లు. పదకొండేళ్లపాటు ఒకే చోట ఒక వేలు ఆగితే పడే చిల్లు.

గాస్పార్ తన వేలు అక్కడ పెట్టాడు. సరిపోయింది.

"ప్రభూ," పైన, ఆ రోజుకి దూత వేషం కట్టిన కుర్రాడు అంటున్నాడు, "గుర్రం ఒక్కటే తిరిగి వచ్చింది."

ఫెర్దినాన్ ఆగిపోయాడు.

సింహాసనం మెట్టు మీద, అంత దూరాన, ఉన్ని కుక్కిన రెండు పెద్ద బూట్లు. గాస్పార్ మెడ చాచి చూస్తున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కుడి మడమ లేచింది. మరిచిపోయాడు. ముసలాయన మరిచిపోయాడు! వెంటనే అందించెయ్ అన్నాడు కదా, మాట ఇచ్చాను కదా. గాస్పార్ ఊపిరి లోపలికి తీసుకున్నాడు.

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి పేజీని కప్పేసింది.

అతను గిరుక్కున తిరిగాడు. మదాం ఒదిల్ అతన్ని చూడడం లేదు. నొప్పి మెడని బలవంతంగా చాచి, కప్పు అంచు కింద నుంచి ఆ రెండు బూట్లనీ చూస్తోంది. పెదవులు ఆ మాట పలకడానికి సిద్ధంగా ముడుచుకుని ఉన్నాయి. ఆవిడ ఊపిరి తీసుకోవడం లేదు.

అతను మళ్లీ ముందుకు తిరిగి, కాళ్లు చూశాడు.

లేచిన మడమ మెల్లిగా కిందికి దిగింది. నేలకి ఆనింది. రెండు కాళ్లూ పక్కపక్కన నిలబడ్డాయి. అటూ ఇటూ కదలడం లేదు. దేనికోసమూ వెతకడం లేదు. ఎవరో వస్తారని చాలాకాలం గుమ్మంలో నిలబడి, ఇక రారని తెలిశాక కూడా లోపలికి వెళ్లని మనిషి కాళ్లలా ఉన్నాయి.

హాల్లో ఒక్క దగ్గు లేదు. గొయ్యిలో ఇద్దరూ ఊపిరి బిగపట్టి ఉన్నారు. ఎంతసేపో గాస్పార్‌కి తెలీదు. లెక్కపెట్టడం మరిచిపోయాడు.

"గుర్రానికి నీళ్లు పెట్టండి," అన్నాడు ఫెర్దినాన్. గొంతులో ఏమీ లేదు, అలసట తప్ప. "చాలా దూరం వచ్చింది."

తెర పడింది. కప్పు మీద వాన కురిసినట్టు చప్పట్లు. ఫెర్దినాన్ మళ్లీ మళ్లీ తెర ముందుకి వచ్చి, పడవల్లాంటి బూట్లతో తడబడుతూ నమస్కారం పెడుతున్నాడు. గొయ్యి వైపు ఎవరూ చూడలేదు. చూడరు కూడా.

మదాం ఒదిల్ ఊపిరి వదిలి, పేజీ మీది నుంచి చెయ్యి తీసింది. కాగితం మీద చెమట అంటుకుంది.

గాస్పార్ ఆవిడ వైపు తిరిగాడు.

"అమ్మగారూ. ఈ నాటకం మొదటి రోజు ఆటలో నేను అక్కడ నిజంగానే మరిచిపోయాను. అది నటన కాదు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు."

"తెలుసు."

"మీరు కునుకు తీశారేమో అనుకున్నాను."

"మాట నా పెదవి మీదే ఉంది."

"మరి అందించలేదే?"

"నీ నోరు మరిచింది. నీ కాళ్లు మరవలేదు."

అతను తల దించుకుని పుస్తకంలో చిల్లు చూస్తూ కూర్చున్నాడు. దాని అంచుల్ని వేలితో తడిమాడు.

"మొదటి రోజు సరే. తరవాత? ఇరవై అంకెలయ్యాక నేనే చెబుతానని మీకు తెలుసుగా. రోజూ ఇక్కడ వేలు పెట్టి, ఊపిరి బిగపట్టి... ఎందుకు?"

"నువ్వు ఏ రోజు నిజంగా మరిచిపోతావో నాకేం తెలుసు, నాయనా?"

ఆవిడ పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. లేస్తూ మెడ పట్టుకుని, "అబ్బా" అంది. అతను చెయ్యి అందించాడు.

పైకి వెళ్లేసరికి ఫెర్దినాన్ కిరీటం చంకలో పెట్టుకుని ఎదురొచ్చాడు. "ద్రోహీ! అందిస్తానన్నావు. నన్ను నడిరోడ్డు మీద వదిలేశావు!" అని గాస్పార్ కోటు పట్టుకుని ఊపేశాడు. ఊపుతూ ఊపుతూనే అతని భుజం మీద తల పెట్టేశాడు. "ముందు నీ మీద చచ్చేంత కోపం వచ్చింది. తరవాత కోపం పోయింది. ఆ తరవాత... ఏమో, గాస్పార్. ఎవరో పక్కన ఉన్నట్టు అనిపించింది."

గాస్పార్ జేబులో ఉత్తరం ఉంది. యజమాని అక్కడే, నాలుగు అడుగుల దూరంలో, చుట్ట కాలుస్తూ నిలబడి ఉన్నాడు. గాస్పార్ ఆయనకి నమస్కారం పెట్టి ఇంటికి వెళ్లిపోయాడు.

సోమవారం ఆట లేదు. అతను మళ్లీ నాలుగు అంతస్తులు ఎక్కి, "ఆ పుస్తకం ఒక్కరోజు ఇవ్వండి" అని అడిగి తీసుకెళ్లాడు. మంగళవారం పొద్దున్న తెచ్చి ఇచ్చాడు. మదాం ఒదిల్ చివరి పేజీ తీసి చూసింది. చిల్లుకి వెనక నుంచి కాగితం ముక్క అతికించి ఉంది. ఏదో ఉత్తరంలోంచి చింపిన ముక్క. దాని అంచున సిరాతో రాసిన మాటలు రెండే మిగిలాయి. 'ఇక నేను'.

ఆవిడ ఆ ముక్క మీద వేలు పెట్టి చూసింది.

"బంక ఎక్కువ వేశావు," అంది.

ఆ రోజు ఆటలో రాజు వేషం గాస్పార్‌దే. అలసట ఎక్కడికీ పోలేదు. ఆ పొద్దున్న కూడా ఒక బూటు చేతిలో పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. జిగురుకి చెంపలు ఎప్పటిలాగే మండాయి. చివరి అంకం వచ్చింది. దూత మోకాళ్ల మీద పడి, గుర్రం ఒక్కటే తిరిగి వచ్చిందన్నాడు.

గాస్పార్ ఏమీ అనలేదు. పదకొండేళ్లలో ఎన్నడూ లేనిది, సింహాసనం మెట్టు దిగి, ఒక్క అడుగు ముందుకు వేసి నిలబడ్డాడు. గొయ్యి వైపు.

దీపాలు చూసుకునే మనిషి పైన కూర్చుని తల బాదుకున్నాడు. "వెలుగు అక్కడ పడితే రాజు ఇక్కడికొచ్చాడేమిటి నా ఖర్మ!" జనంలో ఎవరికీ తేడా తెలియలేదు. మర్నాడు పత్రికలు కూడా ఏమీ రాయలేదు.

ఆట అయ్యాక మదాం ఒదిల్ చిన్న తలుపులోంచి వంగి బయటికి వచ్చింది. గాస్పార్ అక్కడే నిలబడి ఉన్నాడు, గడ్డం ఇంకా తియ్యలేదు. ఏమంటుందోనని చూస్తున్నాడు.

ఆవిడ సంచి అతని చేతికిచ్చి, శాలువా సర్దుకుంది.

"ఇవాళ మెడ అంత లాగలేదు," అంది.

ఇదీ కథ, నాయనలారా, తల్లులారా. ఇవాళ నా గొంతూ అలిసిపోలేదు. మీరు దగ్గరికి జరిగారు కదా, మీకు పుణ్యం ఉంటుంది. ఆ పేర్లు మన నోటికి తిరగవు, మరిచిపోయినా పర్లేదు. ఆ ఒక్క అడుగు మాత్రం గుర్తు పెట్టుకోండి. ఇంటికి వెళ్లాక మీరూ ఒకటి వెయ్యండి. ఎవరి వైపు అన్నది నేను చెప్పక్కర్లేదు. మీ కాళ్లకి తెలుసు.